దారం రెండో కొస

మా ఎదురింటి బాబాయి జన్మలో గీసిన వంకర గీత ఒక్కటే. అది కూడా కావాలని గీశాడు. దాన్నీ ఉండనివ్వలేదు.

బాబాయి అంటున్నానే గాని ఆయన మాకు చుట్టం కాదు. ఆయన గుమ్మం, మా గుమ్మం ఎదురెదురు, చుట్టరికం అంతవరకే. నేను బట్టలు కుడతాను. మిషను కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి చేతులు గుడ్డ మీద, కళ్ళు వీధి మీద ఉంటాయి. "ఎవరింట్లో ఏం జరిగితే నీకెందుకు?" అని మా ఆయన విసుక్కుంటాడు. సాయంత్రం ఇంటికొచ్చి "ఇవాళ ఏం జరిగింది?" అని అడిగేదీ ఆయనే.

బాబాయి బోర్డులు రాసేవాడు. దుకాణాల పేర్లు, డాక్టర్ల పేర్లు, బడి గోడల మీద అక్షరాలు, అన్నీ కుంచెతోనే. ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని ఆయన రాసిన గోడ దగ్గర చెత్త వెయ్యడానికి జనం నిజంగానే మొహమాటపడేవాళ్ళు, అక్షరాలు అంత ముద్దుగా ఉండేవి. అక్షరం కంటే ముందు గీత కావాలి. సుద్దపొడి రుద్దిన దారాన్ని గోడకు ఆనించి, ఒకరు ఆ కొస కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు ఈ కొస బిగించి, రెండో చేత్తో దారాన్ని లాగి వదలాలి. టప్పుమని గోడ మీద తెల్లటి గీత పడుతుంది. దాన్ని దారం కొట్టడం అంటారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈ కొస బాబాయిది, ఆ కొస పిన్నిది. కూలికి మనిషిని పెట్టుకుంటే దారం వదులుగా పట్టుకుంటాడని బాబాయి భయం. మొగుడూ పెళ్ళాం మాటలు మానేసుకున్న రోజుల్లో కూడా దారం బిగుతుగానే ఉండేదని పిన్ని చెప్పి నవ్వుతుంది.

తిన్నదనం ఆయనకు ఒక జబ్బు. మా ఇంటికొస్తే ముందు గోడ మీద కేలండరు సర్ది, తర్వాతే కూర్చుంటాడు. నేను కుట్టిన చొక్కా అంచు చూసి, "అమ్మాయ్, ఇక్కడ కొంచెం పక్కకు నడిచావు" అంటాడు. వేసుకునేవాడికి లేని బాధ ఈయనకెందుకని నాకు ఒళ్ళు మండేది. విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.

తర్వాత అచ్చు బోర్డులు వచ్చాయి. పొద్దున పేరు చెబితే సాయంత్రానికి గోడంత బోర్డు, దాని మీద దుకాణం వాడి నవ్వు మొహం కూడా. కుంచెతో రాయించుకునేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. బాబాయి ముందుగదిలో రంగు డబ్బాలు మూతలు బిగుసుకుపోయి కూర్చున్నాయి. ఆయనా అలాగే కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే పార్కు వచ్చింది. రాలేదనుకోండి, వస్తుందని చెప్పారు.

బాబాయి వాళ్ళ వరసలో ఇళ్ళన్నిటికీ మొహం వీధి వైపు, వీపు కాలవ వైపు. ముందుగది, దాని వెనక పడకగది, ఆ వెనక వంటగది. వంటగది తలుపు తీస్తే కాలవ గట్టుకు దిగే మెట్లు, మెట్ల కింద మరుగుదొడ్డి. అవతల కాలవ. దాన్ని కాలవ అనడం మర్యాద కోసమే; నీళ్ళు నల్లగా, నిదానంగా, ఎక్కడికీ వెళ్ళే ఉద్దేశం లేనట్టు కదులుతుంటాయి. ఆ గట్టు పొడుగునా పార్కు వేస్తామన్నారు. ఆఫీసువాళ్ళు లీనియర్ పార్కు అన్నారు, మేం పొడుగు పార్కు అన్నాం. వీధి మలుపులో పెద్ద బొమ్మ పెట్టారు. అందులో నీలం నీళ్ళు, సైకిళ్ళ మీద పిల్లలు, బెంచీ మీద ముసలివాళ్ళు. బాబాయి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "నీళ్ళకి ఆ నీలం వెయ్యకూడదు" అన్నాడు. అచ్చు బోర్డు కదా, ఆయనకు నచ్చదు.

కొలతలవాళ్ళు వచ్చి గట్టు వెంబడి సుద్దతో గుర్తులు పెట్టి పోయారు. పార్కు హద్దు అక్కడిదాకా. వానకు సుద్ద పోతుంది కాబట్టి గుర్తులను కలుపుతూ ఎర్ర రంగుతో గీత గీయడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలన్నారు. కాంట్రాక్టరు వెతుక్కుంటూ బాబాయి గుమ్మం ఎక్కాడు. ఎంత కాలానికో ఒకరు ఆయన చేతిని వెతుక్కుంటూ వచ్చారు. ఆ పూట ఆయన నడక చూడాలి, పెళ్ళికొడుకు కూడా అలా నడవడు.

వీధి చివరి నుంచి గీత తిన్నగా వచ్చింది. బాబాయి ఇల్లు, పక్కన ఇస్త్రీ అతని ఇల్లు, ఆ పక్కన నర్సమ్మ ఇల్లు, ఈ మూడిళ్ళ దగ్గర కాలవ కొంచెం అటు వంగుతుంది. సుద్ద గుర్తులు కూడా దానితో పాటే వంగి, మరుగుదొడ్ల అవతలి గోడల మీదుగా పోయాయి. అంటే మూడిళ్ళూ, వాటి మరుగుదొడ్లూ పార్కుకు బయటే. బాబాయి కంటికి మాత్రం అక్కడ కాలవ వంపు కనబడలేదు, గీత వంకర కనబడింది. ఎండకి విసుగొచ్చి ఎవడో చెయ్యి జారవిడిచాడు అనుకున్నాడు. దారాన్ని ఈ చివరి ఇంటి మూల నుంచి ఆ చివరి ఇంటి మూలకు తిన్నగా లాగమన్నాడు. అలా లాగితే అది మూడు వంటగదుల వెనక గోడలకు ఆనుకొని పోతుంది.

"గుర్తు అవతలి గోడ మీద ఉందండీ" అంది పిన్ని, ఆ కొస పట్టుకొని.

"గీతల సంగతి నువ్వు నాకు చెప్పొచ్చావా? పట్టుకో, కదలకు."

పిన్ని కదలలేదు. దారం టప్పుమంది. బాబాయి కుంచె ఎత్తాడు.

గుర్తులు పెట్టిన మనిషి వేరు, మర్నాడు ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన మనిషి వేరు. ఆ వచ్చినాయన గీత పొడుగునా నడిచి, "స్కేలు పెట్టి గీసినట్టుందే!" అని బాబాయి భుజం తట్టాడు. ఆ ఫొటోల మీద మ్యాపు తయారైంది. మ్యాపు మీద సంతకాలయ్యాయి. కొన్ని నెలలకు నోటీసు వచ్చింది: ఇంట్లో ఏ భాగం గీతకు కాలవ వైపు పడినా ఇల్లు మొత్తం పార్కు కిందికి వస్తుంది, బదులుగా ఊరి చివర ఫ్లాటు ఇస్తారు, అందాకా ఆ ఇంట్లో కొత్తగా ఒక్క ఇటుక పెట్టినా, గొట్టం వేసినా ఫ్లాటు రద్దు.

నోటీసు చదివి బాబాయి ఇంటి వెనక్కి వెళ్ళాడు. తన మరుగుదొడ్డి అవతలి గోడ మీద, రేకు చూరు కింద వాన తగలని చోట, ఆ సుద్ద గుర్తు ఇంకా ఉంది. చెరిపెయ్యొచ్చు, తడిగుడ్డతో ఒక్క తుడుపు. తుడవడానికి చెయ్యి రాలేదు. ముందుగదిలోంచి పాత రేకు బోర్డు ఒకటి తెచ్చి, దాని మీద కప్పి మేకు కొట్టాడు. ‘గొడుగులు బాగుచేయబడును’ అని రాసిన బోర్డు అది. రాయించుకున్నవాడు తీసుకెళ్ళనే లేదు. మరుగుదొడ్డి గోడకి ఆ బోర్డేంటని వీధంతా నవ్వింది. పిన్ని నవ్వలేదు, అడగనూ లేదు.

ఫ్లాటు వస్తుందని మొదట్లో మూడిళ్ళవాళ్ళూ సంబరపడ్డారు. ఇస్త్రీ అతనైతే ఏ అంతస్తు కావాలో కూడా నిర్ణయించుకున్నాడు. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది. పార్కు రాలేదు, ఫ్లాటూ రాలేదు. అడిగితే "ఫైలు నడుస్తోంది" అన్నారు. మా కాలవ లాంటి నడకే దానిదీ. అమ్ముదామంటే గీత పడ్డ ఇల్లు కొనేవాడు లేడు. అద్దెకిద్దామంటే కారే కప్పు కింద ఎవరుంటారు? కప్పు వేయించుకుందామంటే ఫ్లాటు పోతుంది. వాళ్ళ బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఒక వానాకాలం నర్సమ్మ ఇంట్లో గోడ కూలితే ఆమె ఆగలేక కట్టుకుంది. వారం తిరక్కుండా ఆమె పేరు కొట్టేశారు. దాంతో మిగిలిన ఇద్దరూ మేకు కొట్టాలన్నా భయపడేవాళ్ళు.

పొద్దున్నే ఇస్త్రీ అతను బండి మీద బొగ్గులు రాజేస్తూ ఆ ఆఫీసువాళ్ళ వంశాన్ని తిట్టేవాడు. బాబాయి అక్కడే నిలబడి అతను పోసిచ్చిన టీ తాగుతూ, తల ఊపుతూ వినేవాడు. ఆ తల ఊపడం ఎంత కష్టమో నాకప్పుడు తెలీదు. నిజం చెబితే పొరుగువాడు ఊరుకోడు, దాచుకుంటే లోపల మనసు ఊరుకోదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. టీ తాగేసి గ్లాసు కడిగి మరీ ఇచ్చేవాడు.

పోయిన వానాకాలం పిన్ని వెనక మెట్ల మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పింది రెండే మాటలు: ఇక మెట్లు ఎక్కి దిగకూడదు, ఇంట్లోనే, గదికి పక్కనే, కుర్చీ ఎత్తు కమోడ్ పెట్టించండి. బాబాయి ఆ రోజే వెళ్ళి కమోడ్ కొనుక్కొచ్చాడు. ముందుగదిలో మూలన పెట్టిస్తే మురుగు పోవడానికి వీధి డ్రైనేజీ గుమ్మం ముందే ఉంది, రెండు రోజుల పని. మేస్త్రీని కూడా మాట్లాడాడు. ఆఫీసుకెళ్ళి ఒక్క మాట అడిగొద్దాం, తర్వాత మాట రాకూడదు కదా అన్నాడు. అదీ ఆయన తిన్నదనం. అక్కడివాళ్ళు, "మీ ఇష్టమండీ, ఫ్లాటు వద్దనుకుంటే కట్టుకోండి" అన్నారు.

ఫ్లాటు వద్దనుకోవడం ఎలా? ఆ ఇల్లు రేపో మాపో కూలగొడతామని ఆఫీసువాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. కూతురు బస్సు కండక్టరు. నలుగురు ఒకే గదిలో సర్దుకుంటున్నారు, వీళ్ళిద్దరినీ ఎక్కడ పెట్టుకుంటుంది? కట్టుకుంటే రేపు నీడ లేదు, కట్టుకోకపోతే ఇవాళ దారి లేదు. అట్టపెట్టె తీశాక, ప్లాస్టిక్ కాగితం విప్పకుండానే కమోడ్ ముందుగదిలో ఉండిపోయింది. కొన్నాళ్ళకు బాబాయి దాని మీదే కూర్చొని డబ్బాల మూతలు తుడిచేవాడు. పని మీద ఎవరైనా వస్తే, "కూర్చోండి, కొత్తదే" అనేవాడు. నవ్వాలో ఏడవాలో వాళ్ళకు తెలిసేది కాదు.

పిన్నికి మంచం పక్కన బేసిన్ పెట్టారు. ఆమె దాన్ని అసహ్యించుకుంది. ఒకరి చేత ఎత్తించుకోవడం ఆమెకు చావుతో సమానం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బాబాయి ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకొని మెట్లు దింపేవాళ్ళం. ప్రతి మెట్టుకీ ఆమె పళ్ళు కొరుక్కునే చప్పుడు నాకు వినబడేది. మూడోసారి దిగాల్సిన అవసరం రాకుండా ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు తాగడం మానేసింది.

మాత్ర వేసుకోవడానికి ఒక గుక్క, అంతే. నోరెండితే పెదాలు తడుపుకునేది. మొదట మేం గమనించలేదు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. డాక్టరు పరీక్షలు చూసి, "ఈవిడ నీళ్ళు తాగడం లేదు" అన్నాడు. "తాగితే సగం మందులు అక్కర్లేదు. తాగకపోతే కిడ్నీలు పోతాయి. ఇంకోసారి ఇలాగే తీసుకొస్తే నేనేం చెప్పలేను."

ఆ రోజు పిన్ని పక్కన కూర్చొని గ్లాసు నోటిదాకా తీసుకెళితే, ఆమె చేత్తో అడ్డం పెట్టింది.

"తాగితే దిగాలి కదే" అంది.

"నేను దింపుతా పిన్నీ."

"నువ్వెన్నిసార్లు దింపుతావు? నీకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు." ఆ తర్వాత దారం సంగతి, గుర్తు సంగతి, గొడుగుల బోర్డు సంగతి అన్నీ చెప్పింది. "ఆయన్ని ఏమీ అనకు. అనాల్సింది నేను. నేనే అనలేదు. ఆ కొస నా చేతిలోనే ఉంది మరి, వదిలెయ్యొచ్చుగా?"

నాకు బాబాయి మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. గీత వంకరైతే ఏ కొంప మునిగేది? తిన్నగా గీసి మూడు కొంపలు ముంచాడు. మర్నాడు మా ఇంటికొచ్చి కేలండరు సర్దబోతే, "దాన్ని అలా ఉండనివ్వు బాబాయ్" అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో, చెయ్యి దించేసి వెళ్ళిపోయాడు.

అలా ఉండగా ఆఫీసు నుంచి మళ్ళీ కబురొచ్చింది. పాత గీత వెలిసిపోయింది, పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, దాని మీదే మళ్ళీ ఎర్ర రంగు వెయ్యాలట. గీసినాయన బతికే ఉన్నాడని ఎవరో చెప్పారట.

బాబాయి ఆ పూటంతా కమోడ్ మీద కూర్చొని కుంచెల వెంట్రుకలు దువ్వుతూనే ఉన్నాడు. తర్వాత లేచి వెనక్కి వెళ్ళి, గొడుగుల బోర్డు మేకులు పీకాడు. సుద్ద గుర్తు ఉంది. పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మర్నాడు పొద్దున పిన్నిని మేమిద్దరం ఎత్తి వంటగది తలుపులో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. బాబాయి దారం కొస ఆమె చేతిలో పెట్టాడు.

"ఎక్కడ పట్టుకోమంటారు?" అంది.

"నువ్వు చెప్పు" అన్నాడు. "ఆ రోజు ఎక్కడ అన్నావో, అక్కడికే."

పిన్ని ఎడమ చెయ్యి చాపి మరుగుదొడ్డి మూల చూపించింది. ఆమె లేవలేదు కాబట్టి ఆ మూల దాకా ఆ కొస నేను పట్టుకెళ్ళాను; దారం ఆమె చేతుల మీదుగానే జారింది. ముక్కలు ముక్కలుగా దారం కొడుతూ, కాలవ ఎటు వంగితే అటు వంగుతూ బాబాయి గీశాడు. వంటగదుల గోడల మీద పాత గీతకు తెల్లరంగు పులిమేశాడు. వంపు తిరిగేచోట ఆయన కుంచె ఆగి ఆగి నడిచింది. అక్షరాల వంపులన్నీ తెలిసిన చెయ్యికి గీతను వంచడం తెలియదు.

ఇస్త్రీ అతను గట్టు మీదికి వచ్చి చూసి, "బాబాయికి చూపు మందగించినట్టుంది. గీత అలా అలా తూలుతోంది, ఏంటి సంగతి?" అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోతే చూశాడు, గీత తన మరుగుదొడ్డి అవతలి నుంచి పోతోంది. నవ్వు ఆపేశాడు. "అంటే... మనం బయటా?"

"బయటే" అన్నాడు బాబాయి. మేమందరం నిలబడి ఎర్రగా తడిగా ఉన్న ఆ వంకర గీత వంక చూశాం. అంత అందమైన గీత ఆయన ఎప్పుడూ గీయలేదని నాకనిపించింది.

మధ్యాహ్నం కొలతల మేడమ్ వచ్చింది. చిన్న పిల్ల, మంచి పిల్ల కూడా. ఫోనులో మ్యాపు తెరిచి గట్టు వెంబడి నడుస్తూ వచ్చి, మా దగ్గర ఆగింది.

"అంకుల్, ఇక్కడ లైను పక్కకు పోయింది. గోడల మీద ఉండాలి కదా?"

బాబాయి గుర్తు ఉన్న గోడ దగ్గరికి నడిచాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు, ఇస్త్రీ అతను పక్కనే ఉన్నాడనీ తెలుసు. ఆపాలనిపించింది. ఆపలేదు.

"అసలు హద్దు ఇదేనమ్మా. అప్పట్లో మీవాళ్ళు పెట్టిన గుర్తు ఇదిగో, చూడండి, ఇంకా ఉంది. దీన్ని వదిలేసి నేనే తిన్నగా గోడల మీద గీశాను. ఎవరూ చెప్పలేదు. వంకరగా ఉంటే బాగోదని గీశాను. తప్పు నాది. అది సరిచేశాను, అంతే."

ఆ అమ్మాయి వంగి సుద్ద గుర్తు చూసింది. ఫొటో కూడా తీసుకుంది. తర్వాత చాలా మర్యాదగా చెప్పింది.

"మీరు చెప్పేది నిజమే అయి ఉంటుంది అంకుల్. కానీ ఆ మ్యాపు మీ గీత చూసి వేశారు. దాని మీదే ఆర్డర్లు అయ్యాయి, పార్కు కేసులో కోర్టుకి కూడా అదే ఇచ్చారు. ఇప్పుడు ఈ సుద్ద గుర్తుకి విలువ లేదు. మీ గీతే హద్దు. రేపటికి గోడల మీద మళ్ళీ వేసెయ్యండి, ప్లీజ్. లేకపోతే వేరే పెయింటర్ని పంపిస్తారు, వాళ్ళు ఎలా వేస్తారో ఏమో."

ఆమె వెళ్ళాక ఇస్త్రీ అతను కదల్లేదు. అతను అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఇన్నేళ్ళూ నా చేతి టీ తాగావు కదయ్యా" అన్నాడు. అంతే అని, తన ఇంటి వెనక తలుపు వేసుకున్నాడు.

బాబాయి రంగు డబ్బా పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. వేరే పెయింటరు వస్తే రానీ, నువ్వు వెయ్యకు అన్నాను. ఆయన విననట్టే లేచాడు. గుడ్డ కిరసనాయిల్లో ముంచి వంకర గీతను తుడవడం మొదలుపెట్టాడు. తడి ఆరని రంగు, సుద్ద గుర్తుతో సహా వచ్చేసింది. తర్వాత దారానికి సుద్ద రుద్ది, కొస పిన్ని ఒడిలో పెట్టాడు. పిన్ని దాన్ని గోడకు ఆనించింది. దారం టప్పుమంది. వంటగది గోడ మీద ఎర్ర గీత తిన్నగా, ఏ మాత్రం తొణక్కుండా వచ్చింది. కుంచె ఎక్కడా ఆగలేదు. తాను తీసిన గోతిలో తాను పడ్డవాళ్ళను చూశాను గాని, అదే గోతిని మళ్ళీ తన చేత్తోనే తవ్విన మనిషిని ఆ రోజే చూశాను.

పని అయ్యేసరికి పొద్దు వాలుతోంది. పిన్నిని లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. బాబాయి ముందుగదిలో కమోడ్ మీద కూర్చొని, మోకాళ్ళ మీద ఎర్రటి చేతులు పెట్టుకొని నేల వంక చూస్తున్నాడు.

"ఏమే, నీళ్ళివ్వు" అంది పిన్ని నాతో.

మాత్రల వేళేమో అనుకొని అడుగున కొంచెం పోసి ఇచ్చాను. గ్లాసులోకి చూసి తిరిగి నా చేతిలో పెట్టింది. "నిండా."

నిండా పోసిచ్చాను. ఆపకుండా తాగింది. గొంతు కదలడం చూస్తూ నిలబడిపోయాను. గ్లాసు ముందుకు చాపింది. మళ్ళీ పోశాను. అదీ తాగింది. మూతి తుడుచుకొని, ముందుగది వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత గట్టిగా అంది:

"ఏమండీ. తాగేశాను. నేను ఆ మెట్లు దిగను. బేసిన్ మీద కూర్చోను. ఇక మీ ఇష్టం."

బాబాయి తలెత్తాడు. "ఫ్లాటు పోతుందే" అన్నాడు.

"పోనివ్వండి. ఆ ఫ్లాటు వచ్చేసరికి అందులో ఉండడానికి నేనుండాలిగా. రేపు వచ్చి ఇల్లు పడగొడితే పడగొట్టనీ, అప్పటిదాకా నీళ్ళన్నా తాగి బతుకుతాను."

ఆయన లేచి నిలబడ్డాడు. తాను కూర్చున్నదాన్ని అప్పుడే చూసినట్టు కాసేపు దాని వంక చూశాడు. తర్వాత వంగి, ఆ ప్లాస్టిక్ కాగితం కొస వెతికి, చర్రున లాగాడు.

నేల తవ్వడానికి గునపం కావాలి. మా వీధిలో గునపం ఇస్త్రీ అతని దగ్గరే ఉంది. నేను వెళ్ళి అడిగాను. "ఆయనకైతే ఇవ్వను" అన్నాడు. "పిన్ని రెండు గ్లాసులు నీళ్ళు తాగింది" అన్నాను. ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపాడు. లోపలికెళ్ళి, గునపం నాకివ్వకుండా భుజాన వేసుకొని తానే వచ్చాడు.

గుమ్మంలో నిలబడి, బాబాయి వైపు చూడకుండా నాతో అన్నాడు: "ఎక్కడ తవ్వాలో అడుగు. నాకు ఆయనతో మాటల్లేవు."

బాబాయి అలవాటు కొద్దీ దారం ఉండ అందుకున్నాడు. కొస విప్పి మంచం వైపు చాపాడు.

"దాన్ని అవతల పారెయ్యండి" అంది పిన్ని. "తొందరగా తవ్వండయ్యా."

బాబాయి చేతిలో దారం అలాగే ఉంది. ఇస్త్రీ అతను మూలకు నడిచి, అడ్డదిడ్డంగా ఒక చోటు చూసుకొని, గునపం ఎత్తి వేశాడు. సిమెంటు పెచ్చు ఎగిరి రంగు డబ్బాకు తగిలింది. రెండో వేటుకు నేల వంకరగా చీలింది. బాబాయి దారాన్ని కింద పడేసి, వంగి, ఊడిన పెచ్చులు ఎర్రటి చేతులతో తీసి బయట పోయడం మొదలుపెట్టాడు.

పిన్ని ఖాళీ గ్లాసు నా వైపు చాపింది. "ఇంకొకటి పొయ్యి" అంది.